డైరెక్టరు గారిది పశ్చిమ

టూవూంబా

బావగారు సత్యనారాయణమూర్తి గారికి,

సుందరరామయ్య నమస్కారాలు. నేనూ, మీ చెల్లెలు సత్యభామా క్షేమం. మిగతా క్షేమాలు తర్వాత, ముందు అసలు సంగతి వినండి. నేను సినిమాలో వేషం వేస్తున్నాను!

మా పక్కింట్లో అద్దెకు దిగినవారు సినిమా డైరెక్టరు. వారిది పశ్చిమ ఆఫ్రికా, ఘనా దేశం. సముద్రం పక్క ఊరు. అక్కడ రెండు సినిమాలు తీసి పేరు తెచ్చుకున్నారు. ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్లు. వృద్ధాశ్రమంలో పని చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా కథ పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగి, ఇన్నాళ్లకి ఒక సినిమా మొదలుపెట్టగలిగారు. ఒక మొండి తండ్రి, ఆయన కూతురు. అదీ కథ. నేను చెత్తబిన్ను బయటికి తోస్తుంటే చూసి, "అంకుల్, ఆ తండ్రి మీరే!" అన్నారు.

ఎంత కలుపుగోలు మనిషో! సోమవారం పుట్టారని ఆ వారం పేరే పెట్టారట. చేపల పులుసూ అన్నం ఉంటే ఇంకేం అక్కర్లేదంటారు.

ఇట్లు,
మీ బావ, నటుడు సుందరరామయ్య

తా.క. ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకంటారా? ఫోన్లో అయితే మీరు మధ్యలో మాట్లాడతారు.

*

హారిస్‌డేల్

నటశేఖరులు బావగారికి,

మూర్తి నమస్కారాలు. మీ వేషం సంగతి సంతోషం. కానీ డైరెక్టరు గారిది పశ్చిమ అని చదవగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నేనూ భీమవరం వాణ్ణే కదండీ! మా పశ్చిమ గోదావరి మట్టిలోనే ఏదో ఉంది. సముద్రం, చేపల పులుసు, సోమవారం పేరు... సోమశేఖరం గారన్నమాట! పేరులోనే పెద్దరికం ఉంది.

మా హరిప్రియ ఫోటో ఇందులో పెడుతున్నాను. అమ్మాయికి ఐటీ ఉద్యోగం, ఎవర్ని చూపించినా "నాట్ నౌ, డాడీ" అంటుంది. సమయం చూసి వారికి చూపించండి. నా ఉద్దేశం మీకు అర్థమైందనుకుంటాను.

ఇట్లు,
ఆశతో, మూర్తి

తా.క. మీ ఉత్తరం వానకి తడిసి ఒకటి రెండు మాటలు అలుక్కుపోయాయి. ముఖ్యమైనవేం కావులెండి.

ఇంకో తా.క. వారికి పెళ్లయిందా? ఊరికే అడుగుతున్నాను.

*

టూవూంబా

బావగారికి,

అర్థమైంది, బాగా అర్థమైంది! కూతురి వేషం ఇంకా ఖాళీగానే ఉంది. ఫోటో చూపించగానే వారు ఎగిరి గంతేసి, "ఇలాంటి అమ్మాయి కోసమే వెతుకుతున్నాను, వెంటనే పిలిపించండి" అన్నారు. పెళ్లి కాలేదు, సినిమాల ధ్యాసలో కుదరలేదట. మీరు పెట్టిన సోమశేఖరం అనే ముద్దుపేరు విని కడుపుబ్బ నవ్వారు.

ఒక్కటే బెంగ. శుక్రవారం సిడ్నీ నుంచి ప్రొడ్యూసరు గారు వస్తున్నారు. తీసినంత వరకు నచ్చకపోతే సినిమా ఆపేస్తారట. ఆగిపోతే వారి ఎనిమిదేళ్ల కష్టం నీళ్లపాలు. మరి నేనేమో, కూతురి మీద కేకలేసే సీను దగ్గర గొంతు పెగలక నిలబడిపోతున్నాను.

ఇట్లు,
సుందరరామయ్య

తా.క. పెళ్లైన దగ్గర్నుంచి ఈ ఇంట్లో కేకలేసే అవకాశం నాకు రాలేదని, ఆ తప్పు తనదేనని మీ చెల్లెలు డైరెక్టరు గారికి క్షమాపణ చెప్పింది.

*

హారిస్‌డేల్

బావగారికి,

చూడగానే కావాలన్నారా! ఇక ఆలస్యమెందుకు? శుక్రవారం పొద్దున్నకల్లా మీ గుమ్మంలో ఉంటాం. అమ్మాయితో "షూటింగ్ చూద్దాం" అని మాత్రమే చెప్పాను. పట్టుచీర నా సూట్‌కేసులో అడుగున దాచాను. ఈ ఉత్తరం కంటే మేమే ముందొస్తామేమో!

ఇట్లు,
తొందరలో, మూర్తి

తా.క. పూతరేకులు తెస్తున్నాను. వాళ్ల ఊళ్లో దొరకనట్టు మోసుకొచ్చానని సోమశేఖరం గారు నవ్వుకుంటారేమో.

*

టూవూంబా

అలిగి హారిస్‌డేల్‌లో మా ఇంటికి వెళ్లి కూర్చున్న బావగారికి,

మూర్తి నమస్కారాలు. మీ ఇంటి నుంచే, మీ కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. మీ కోపం న్యాయమే. అయినా జరిగింది ఒకసారి నా వైపు నుంచి వినండి.

కారు దిగేసరికి తలకి నీలం గుడ్డ చుట్టుకున్న ఒకావిడ, నాకంటే ఎత్తు మనిషి, చేతులు చాచి "వెల్‌కమ్, అంకుల్!" అంది. "సోమశేఖరం గారెక్కడ?" అన్నాను. "నేనే!" అని పకపకా నవ్వింది. సోమవారం పుట్టిందని పెట్టిన ఆ పేరు అజోవా అట. మీరు ఎంతసేపూ "వారు, వారు" అని రాస్తే ఆవిడని ఎలా తెలుస్తుందండీ? వీధిలోనే మీ మీద విరుచుకుపడ్డాను. "అమ్మాయికి మామయ్య వరసైన మనిషికి పెళ్లిచూపుల వేళ ఇంత పరాచికమా?" అన్నాను.

కారులోంచి సామాను దింపుతున్న హరిప్రియ చెవిన ఆ మాట పడింది.

"పెళ్లిచూపులా? డాడీ, నన్ను అడిగావా? ఐ యామ్ నాట్ ఎ పార్సెల్!"

"కన్నతండ్రికి ఆ మాత్రం హక్కు లేదుటే?"

"హక్కు ఉంటే నిజం చెప్పి తీసుకురావాల్సింది!"

దానికి ఏడుపొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం అరుచుకుంటూనే ఏడ్చాం. కాసేపటికి చూద్దును కదా, కెమెరా మా వైపు తిరిగి ఉంది. పక్కనే నిలబడ్డ ప్రొడ్యూసరు గారికి తెలుగు ఒక్క ముక్క రాదు, కళ్లు మాత్రం తుడుచుకుంటున్నారు. "ఈ తండ్రీ కూతుళ్లు ఉంటే సినిమా పూర్తి చేద్దాం" అన్నారు. అజోవా గారు ఆ రోడ్డు పక్కనే కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఎనిమిదేళ్లుగా ఆ మాట కోసం ఎదురుచూసిన మనిషి కదండీ. హరిప్రియ వెళ్లి పక్కన కూర్చుంది. నేను పూతరేకులు విప్పి ఇచ్చాను.

మీ వేషం నేను అడగలేదు. వద్దన్నాను కూడా, ఒకసారి. హరిప్రియ ఆఫీసుకి సెలవు పెట్టేసింది. ఇది అయ్యాక ఘనాలో ఆవిడ తీసే సినిమాకి అసిస్టెంటుగా వెళ్తుందట. నన్ను అడగలేదు, చెప్పింది. నిజం చెప్పింది కాబట్టి ఊరుకున్నాను.

వెంటనే బయల్దేరి రండి. ఆస్పత్రి సీనులో కోమాలో ఉన్న పెద్దాయన వేషం మీకోసమే ఉంచారు. డైలాగులు లేవు.

ఇట్లు,
మీ బావ, నటుడు సత్యనారాయణమూర్తి

తా.క. ఆ రోజు కెమెరా మా వైపు తిప్పిన కుర్రాడు అజోవా గారి తమ్ముడట. నెమ్మదస్తుడు. పెళ్లయిందా అని అడిగింది నేను కాదు, మా చెల్లెలు సత్యభామ. కాలేదని చెప్పింది అతను కాదు, హరిప్రియ.