తలుపు తియ్యని తల్లి

ధర్మపురి,
1946, మాఘ మాసం.

నా మీనాక్షక్కకు,

నీ వేదవల్లి మొక్కి రాసుకునేది. సీనన్నను బండి కట్టుకుని రమ్మని చెప్పు. నేను పెరియంపట్టికి, మన పుట్టింటికి వచ్చేస్తాను. ఇక ఈ ఇంటికి తిరిగి రాను. మా ఆయన బేరం మీద సేలం వెళ్లి ఉన్నారు. వచ్చాక నువ్వే చెప్పు.

ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఒకటుంది. పోయిన వానాకాలంలో నా కావేరిని పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రం, మా అత్త నంజమ్మ గడపకు ఇనుప మేకు కొట్టింది. పోయినవాళ్లు మళ్లీ ఇంట్లోకి రాకుండా కొడతారట. బయట వాన పడుతూనే ఉంది. చీకటైతే నా కొంగు వదలని పసిబిడ్డ, దానికి అడ్డంగా మేకు! ఆ తరువాత ఆమె ఏడవలేదు, కావేరి పేరు ఎత్తలేదు. నేను ఎత్తితే లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోతుంది. రాతితో ఎన్నాళ్లు కాపురం చెయ్యను?

అవ్వ మనిద్దరినీ ఒకే కంబళి కింద పడుకోబెట్టి దయ్యాల కథలు చెప్పేది, గుర్తుందా? పోయిన తాత ఎద్దులను చూసుకోవడానికి వచ్చిపోతాడంటే, భయపడుతూనే ఇంకోసారి చెప్పమని వేధించేవాళ్లం. మరునాడు పొద్దున కొట్టంలో ఆయన అడుగులు వెతికేవాళ్లం. మన ఇంట్లో పోయినవాళ్లకు కూడా చోటుండేది అక్కా. ఆ ఇంటికే వస్తాను.

నీ చెల్లెలు,
వేదవల్లి.

ధర్మపురి,
అదే మాసం, బహుళ పక్షం.

అక్కకు,

సీనన్న వచ్చాడు. అన్నం పెట్టి, ఉత్త బండితోనే పంపుతున్నాను. కోప్పడకుండా చదువు.

ఊరి బయట డేరా సినిమా దిగింది. పక్కింటి బసమ్మ బలవంతం చేస్తే నేనూ అత్తా పొద్దుగూకే ఆటకు వెళ్లాం. పెద్ద బొమ్మకు ముందు చిన్న దయ్యం బొమ్మ ఒకటి వేశారు. చచ్చిపోయిన పాప వానలో తడుస్తూ వచ్చి ఇంటి తలుపు తడుతుంది. లోపల తల్లి గడియ వేసి చెవులు మూసుకుంటుంది. అంతే కథ. ఆడవాళ్లు పిల్లలను ఒళ్లోకి లాక్కుని కేకలు పెట్టారు. నాకు భయం వేయలేదు, చూడలేకపోయాను. లేచి పోదామని అత్త చెయ్యి పట్టుకోబోతే, ఆమె అప్పటికే నిలబడి ఉంది.

"తలుపు తియ్యే," అంది తెర వైపు చూస్తూ. "బిడ్డ తడస్తా ఉండాది. దయ్యమైతే ఏమి, నీ బిడ్డే కదా. తియ్యే."

గడప దాటితే అరవం తప్ప మాట్లాడని మనిషి, అంతమందిలో ఇంట్లో మాట్లాడే తెలుగులో అరిచింది. వెనుకవాళ్లు కూర్చోమని కసిరారు. రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. ఆమె ఇంకా ఆ తెల్లటి గుడ్డనే బతిమాలుతోంది. పట్టి కూర్చోబెడితే నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. పెద్ద బొమ్మ మేము చూడలేదు.

దారిలో చెప్పింది. "నీ కడుపున ఇంకో బిడ్డ నిలవాలంటే మేకు కొట్టాలన్నారు పెద్దోళ్లు. కొట్టినాను. ఆ పొద్దు నుంచి వాన వస్తే నాకు నిద్ర లేదు వేదా. పేరెత్తితే వస్తాది, వచ్చి లోపలికి రాలేక నిలబడిపోతాదని నోరు మూసుకున్నాను. కొట్టానికి మేకు లేదు కదా. ఆడికన్నా వస్తాదేమో అని పోయి కూర్చుంటా ఉన్నాను."

నేను ఆమె చెయ్యి వదలలేదు. ఇక దారంతా కావేరే. తన రాగిముద్ద దూడ నోట్లో పెట్టి, తిన్నానని మూతి తుడుచుకునేది. వాళ్ల తాత, మా మామ, పిలవడం విని నేర్చుకుని అత్తను "నంజీ" అని పిలిచేది. అది చెబుతూ అత్త నవ్వింది. ఆమె నవ్వు విని ఎన్ని నెలలైందో. ఇల్లు చేరగానే గునపం తెచ్చి మేకు పెకలించింది. నేను లాంతరు పట్టుకున్నాను.

ఈ పొద్దున అన్నకు వడ్డిస్తూ అత్త నా వైపు చూడకుండా అడిగింది. "ఆ చిన్న బొమ్మ ఇంకా ఆడతా ఉండాదంట. పోదామా? ఈసారన్నా తీస్తాదేమో."

బొమ్మ మారదని అన్న చెప్పబోయాడు. నేను కళ్లతోనే వారించి, పోదాం అత్తా అన్నాను.

నీ చెల్లెలు, కావేరి అమ్మ,
వేదవల్లి.