ఏనుగుపిల్ల ఆట చెరిపేశారు

మామయ్యా, వంట పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకోండి. మోకాళ్ల మాత్ర తిన్నాకే వేసుకోండి.

టీవీలో ఏనుగుపిల్ల ఆట జోలికి మాత్రం వెళ్లకండి. ఆ ఏనుగుపిల్ల సినిమా చూసి ముచ్చటపడి, మీ మనవరాలు నెల్లాళ్లు కిందామీదా పడి ఆటలో ఆ ఏనుగుపిల్లను తల్లి దగ్గరిదాకా తీసుకెళ్లింది. నిన్న మీరు ఆడబోయినప్పుడు టీవీ "పాత ఆట చెరిపేయాలా?" అని అడిగితే "అవును" నొక్కేశారట! అడిగినవాటికల్లా తలూపేయడమేనా? అది ఏడ్చి ఏడ్చి, ఏమీ తినకుండానే బడికెళ్లింది. సాయంత్రం మీరే సర్దిచెప్పుకోండి, నేను మధ్యలో రాను. ఆసుపత్రిలో నా డ్యూటీ ఎనిమిదింటిదాకా.

అన్నట్టు, బస్సెక్కుతూ అడిగింది: "ఆడేటప్పుడు తాతయ్య నవ్వాడా అమ్మా?" పగలబడి నవ్వారన్నాను. "పోనీలే, మళ్లీ ఇద్దరం కలిసి మొదలుపెడతాం" అంది. నాకు మాత్రం కోపం తగ్గలేదు.