అడగని ఒక్క మాట

బుధవారం రాత్రి, శాలిబండ

బైపాస్ అయి నెలన్నర దాటినా అన్న ఇవాళ కూడా నా భుజం పట్టుకునే నడిచాడు. ఛాతీ మీది గాయం ఇంకా మానలేదు. సాయంత్రం యాకుత్‌పురా నుంచి అన్న దోస్తు యాదగిరి చూడటానికి వచ్చాడు. అతనికీ ఇదే ఆపరేషన్, అన్నకు అయ్యాకే అయింది. అయినా మెట్లన్నీ తనే ఎక్కి వచ్చాడు.

"నాకు చేసిన దవాఖానల దినాం గిసొంటి ఆపరేషన్లే. చెయ్యి తిరిగినోళ్లు. మీ దాంట్ల ఎన్ని చేస్తరో అడిగినవా?" అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు. "మా తమ్ముడు అన్నీ అడిగే చేర్పించిండు భాయ్."

నేను అడగలేదు. పెద్ద దవాఖానాలో రెండు వారాలు ఆగమంటే భయపడి, మరునాడే చేస్తామన్న చిన్న ఆసుపత్రిలో చేర్పించాను. అక్కడ నెలకు ఒకటో రెండో చేస్తారని తర్వాత తెలిసింది. ఆగి ఉంటే అన్నకు ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ అడగడానికి నిమిషం పట్టేది.

యాదగిరి వెళ్లాక నిజం చెబుదామని మంచం పక్కన కూర్చున్నాను. అన్న నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకుంటే నేనేమైతుంటినో రా," అన్నాడు.

దుప్పటి కప్పి బయటికి వచ్చేశాను.