లెంపి పిన్ని ఇంటి దక్షిణపు కప్పు గురించి

కుయిక్కవార గ్రామం,
12 అక్టోబరు 2023, గురువారం.
ఉదయం ఏడింటికి మైనస్ రెండు. ఈశాన్యపు గాలి, మబ్బు. బావి గొట్టానికి గడ్డి చుట్టాను.

ఉపాధి సేవల కార్యాలయం,
పరిశీలన విభాగపు అధికారి సముఖమునకు

అయ్యా, లేదా అమ్మా,

(తమ మూడు ఉత్తరాల కిందా "యంత్రము ద్వారా తయారైనది, సంతకము అవసరం లేదు" అని మాత్రమే ఉన్నందున ఎలా సంబోధించాలో తెలియలేదు. తప్పయితే మన్నించగలరు.)

విషయం: తాల్కో పనిని వ్యాపారముగా అనుమానించి నిలుపుదల చేసిన ఉత్తర్వును ఎత్తివేయుట గురించి, అది వీలుకానిచో, మంచు పడేలోగా ఏదో ఒకటి తేల్చుట గురించి.

ఈ కింద సంతకం చేసిన ఆర్వి సోర్మునెన్, వయసు 62, పూర్వం ప్లైవుడ్ మిల్లులో బ్లేడ్లకు పదును పెట్టేవాడు, ప్రస్తుతం నిరుద్యోగి, తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను మిల్లులో చేరింది 1980లో. బ్లేడు పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. చేరిన రోజున మేస్త్రి, "ఏ బ్లేడు ఏ రోజున పదును పెట్టావో రాసుకో, లేకపోతే నీ వేలు పోయాక తెలుస్తుంది" అన్నాడు. ఆనాటి నుంచి రోజూ రాస్తున్నాను. చలి ఎంత, గాలి ఎటు, చేసిన పని ఏది, ఎవరితో చేశాను. ఆసుపత్రిలో పడుకున్న రోజుల్లో కూడా రాశాను. మిల్లు మూతపడి రెండేళ్ళయింది. పుస్తకం ఆగలేదు. నలభై మూడేళ్ళలో ఒక్క రోజు ఖాళీ లేదు. ఇది గొప్ప కోసం రాయడం లేదు. నా కష్టానికి మూలం ఈ పుస్తకమే కనుక ముందు దీని సంగతి తమకు తెలియాలి.

2. మా పొరుగున ఉండే లెంపి కర్యునెన్ గారికి ఎనభై ఆరేళ్ళు. ఊళ్ళో అందరికీ పిన్ని. ఆమె ఇంటిది పాతకాలపు చెక్కపెంకుల కప్పు. గత వసంతంలో మంచు కరిగినప్పుడు ఆమె పొయ్యి మీదికే నీళ్ళు కారాయి. ఆగస్టులో ఊరంతా తాల్కో పెట్టుకున్నాం. తాల్కో అంటే ఏమిటో తమకు నేను చెప్పనక్కరలేదనే అనుకున్నాను. ఒకరి ఇంటి పనికి ఊరు వస్తుంది, పని చేస్తుంది, ఇంటివాళ్ళు పెట్టిన సూపు తాగి వెళ్ళిపోతుంది. మా నాన్న ఇంటి కప్పు అలాగే పడింది. తమ తాతగారి ఇంటి కప్పు కూడా అలాగే పడి ఉంటుంది.

పద్నాలుగు మందిమి పనిచేశాం. చెక్క నుంచి పెంకులు చీల్చే యంత్రం ఊరి ఉమ్మడిది. దాన్ని నా స్నేహితుడు కలెర్వో ట్రాక్టరు తిప్పుతుంది. దాని బ్లేడు మాత్రం నేనే పెట్టాలి. వెంట్రుకవాసి తేడా వస్తే పెంకు చీలదు, పొయ్యిలోకి పుల్లలవుతుంది. ఉత్తరపు వైపు కప్పు పూర్తయింది. దక్షిణపు వైపు సగం దాకా వచ్చింది.

3. ప్రతి నాలుగు వారాలకు తమ కార్యాలయానికి నింపి పంపే పత్రం ఆ వారమే వచ్చింది. "ఈ కాలంలో పని చేశారా?" అని మొదటి ప్రశ్న. చేశాను కనుక "అవును" అని టిక్కు పెట్టాను. ఎన్ని గంటలు? పుస్తకం చూసి నలభై ఒకటి అని వేశాను. యజమాని ఎవరు? "ఎవరూ లేరు" అని రాశాను. ప్రతిఫలం? సున్నా అని వేసి, సున్నా అనడం పూర్తిగా నిజం కాదనిపించి, కింద ఖాళీ స్థలంలో "బఠానీల సూపు, గురువారం నాడు అట్లు కూడా" అని చేర్చాను.

ఆ సాయంత్రం కలెర్వోకి ఈ సంగతి చెప్పాను. అతనూ మిల్లులో పనిపోయినవాడే, అతనికీ అదే పత్రం వచ్చింది.

"అవును అని పెట్టావా?" అన్నాడు.

"చేశాం కదా."

"ఓరి నీ నిజాయితీ తగలెయ్యా! నీకు బుర్ర ఉందా? అది తాల్కో రా. తాల్కోని కూడా ఎవడైనా పని అంటాడా?"

"నలభై ఒక్క గంటలు కప్పు మీద కూర్చుని మరేం చేశాను? సూర్యుణ్ణి చూశానా?"

"నేను 'లేదు' అని పెట్టా. మా ఆవిడ కూడా 'లేదు' అనే పెట్టింది. ఈ దేశంలో నీలాంటివాడు ఇంకొకడుంటే చూపించు, నా ట్రాక్టరు రాసిచ్చేస్తా."

ట్రాక్టరు నాకు వద్దన్నాను. అబద్ధం రాయడం నాకు చేతకాదని కాదు. అలవాటు లేదు.

4. తమ మొదటి ఉత్తరం: సూపు విలువ ఎంతో తెలపమని. లెంపి పిన్నిని అడిగాను. "బఠానీలు నా పెరట్లోవి, పంది మాంసం కలెర్వో తెచ్చింది, నీళ్ళు దేవుడివి. విలువ అడిగినవాణ్ణి ఒకసారి రమ్మను, గిన్నెడు పోస్తాను, తాగి వాడే చెబుతాడు" అన్నది. ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్టు తమకు రాసి పంపాను. జవాబు రాలేదు.

5. తమ రెండో ఉత్తరం: నా కార్యకలాపం వ్యాపార స్వభావము కలదేమోనని పరిశీలించాల్సి ఉన్నందున నా దినచర్య పుస్తకం నకలు పంపమని. పంపాను. అందులో దాచవలసింది ఏముంది? ఆగస్టు పేజీల్లో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు ఏ వరుస మేకులు కొట్టారో, ఎవరు మధ్యాహ్నం వెళ్ళిపోయారో అన్నీ ఉన్నాయి. మిల్లులో అలవాటు.

6. తమ మూడో ఉత్తరం: పై పేజీలు హాజరుపట్టీ లక్షణములు కలిగియున్నవనియు, నేను పద్నాలుగు మందిని పనిలో పెట్టుకున్నట్లు కనబడుచున్నదనియు, కనుక యజమానిగా వారి పింఛను బీమా సంగతి వేరే విభాగం విచారించుననియు. ఆ పద్నాలుగు మందిలో నేను కూడా ఉన్నాను. అంటే నాకు నేనే యజమానిని. లెంపి పిన్ని కూడా ఉన్నది, ఆమె బంగాళాదుంపల తొక్క తీసింది కనుక రాశాను. ఎనభై ఆరేళ్ళ మనిషికి ఏ వయసు నుంచి పింఛను రావడానికి నేను బీమా కట్టాలో ఆ విభాగంవారే చెప్పాలి.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఆ ఉత్తరం చివరి పేరాలో ఉన్నదానికి నవ్వు రాలేదు. పరిశీలన ముగిసేదాకా సదరు కార్యకలాపము కొనసాగించరాదని, కొనసాగించినచో వ్యాపారము రుజువైనట్లు భావించబడునని, అప్పుడు పింఛను వయసు దాకా నాకు రావలసిన భృతి రద్దగునని ఉంది. పింఛనుకు నాకు ఇంకా రెండేళ్ళు. పరిశీలనకు ఏడు నుంచి తొమ్మిది వారాలు. ఉత్తరం తేదీ సెప్టెంబరు 21. మా ఊళ్ళో నిరుడు మంచు అక్టోబరు 17న పడింది. పుస్తకంలో ఉంది.

7. ఫోను చేశాను. రెండు గంటల పాటు సంగీతం విన్న తరువాత వెన్లా అనే అమ్మాయి మాట్లాడింది. మర్యాదస్తురాలు. ఆమెపై నాకు ఫిర్యాదు లేదు.

"ఆర్వి గారూ, మీరు కప్పు ఎక్కకుండా ఉంటే చాలండీ. పరిశీలన అయిపోగానే ఎక్కెయ్యొచ్చు."

"అప్పటికి ఇంట్లో మంచు ఉంటుందమ్మా."

"మరి వేరేవాళ్ళెవరైనా ఎక్కొచ్చు కదండీ?"

"వాళ్ళ పేర్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి. అందరికీ ఉత్తరాలు వెళ్ళాయి. పెంకులు కూడా చాల్లేదు. బ్లేడు పెట్టేది నేనొక్కణ్ణే."

కొంచెంసేపు కీబోర్డు చప్పుడు వినబడింది. తరువాత గొంతు తగ్గించి అడిగింది: "ఒక్క మాట అడగనా? అసలు అవునని ఎందుకు పెట్టారండీ?"

మా కలెర్వో అడిగినట్టే అడిగింది. నా దగ్గర జవాబు అదే.

8. పై సంభాషణలోనే నేను చురుకుగా లేనని రికార్డులో ఉన్నట్టు తెలిసింది. వారానికి నాలుగు రోజులు పునరావాస పనిశాలకు పంపారు. రెండు వారాలుగా వెళ్తున్నాను. అక్కడ జీతం లేదు, మధ్యాహ్నం సూపు పెడతారు. దాని విలువ ఎవరూ అడగలేదు. అక్కడ మేం చేసేది పిట్టగూళ్ళు. నాకు అప్పగించింది గూళ్ళకు కప్పులు కొట్టే పని. నిన్నటికి నావి ఎనభై ఆరు కప్పులు. కొనేవాళ్ళు లేక వెనక కొట్టంలో దొంతర్లుగా పేర్చారు. ఏ పిట్టా ఇంతవరకు వచ్చి చేరలేదు.

తమ కార్యాలయం పంపితే జీతం లేకుండా కప్పు వేయడం పునరావాసం. ఊరు పిలిస్తే అదే పని వ్యాపారం. ఈ రెంటికీ తేడా ఏమిటో పనిశాల బోధకుణ్ణి అడిగాను. "ఆర్వీ, నాకూ కాంట్రాక్టు డిసెంబరు దాకానే. నన్నడక్కు," అన్నాడు.

9. నెలకు నాలుగు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టవలసిన షరతు కూడా తప్పకుండా పాటిస్తున్నాను. ఈ నెల: రొట్టెల దుకాణం (నాలుగోసారి, యజమానురాలు నన్ను చూడగానే "లేదు బాబూ" అని కాఫీ ఇస్తుంది), బడి వంటిల్లు, శ్మశానం, హెల్సింకిలో ఒక నృత్య పాఠశాల. చివరిది తమ యంత్రమే నాకు తగినదని సూచించింది.

10. ఇప్పుడు అసలు సంగతి. ఉత్తరాలు వెళ్ళిన తరువాత తాల్కోకి ఎవరూ రాలేదు. నేను పిలవలేదు కూడా. పద్నాలుగు మందిలో అయిదుగురు భృతి మీద ఉన్నవాళ్ళు. "లేదు" అని రాసిన కలెర్వోకి, అతని భార్యకి నా పుస్తకం వల్లే విచారణ వచ్చింది. పదిహేను రోజులుగా అతను నాతో మాట్లాడడం లేదు. అతని ట్రాక్టరు మా వాకిలి ముందు నుంచి వెళ్ళేటప్పుడు వేగం పెరుగుతోంది. యాభై ఏళ్ళ స్నేహితులం. మా ఊళ్ళో జనం నన్ను చూసి మాట ఆపడం ఇదే మొదలు. నేను రాసుకున్న పేర్లు నేనే తమకు అందించాను. ఈ తప్పు నాది, తమది కాదు.

దక్షిణపు కప్పు మీద సెప్టెంబరు నుంచి టార్పాలిన్ ఉంది. ఆదివారం గాలికి అది చిరిగింది. లెంపి పిన్ని పరుపు, గోడగడియారం, రెండు గిన్నెలు తీసుకుని పెరట్లోని సౌనాలోకి మారింది. మనిషి నిలబడితే తల తగిలే ఆవిరిస్నానపు గది అది. నేను కట్టెలు తీసుకెళ్ళి వేస్తున్నాను. ఇది కూడా పని కిందికి వస్తే లెక్కలో చేర్చుకోగలరు.

ఈ రోజు వెళ్ళినప్పుడు ఆమె బల్ల మీద కూర్చుని బఠానీలు ఏరుతూ ఉంది.

"నేను పుట్టింది ఈ సౌనాలోనేరా ఆర్వీ. ఇదిగో, ఈ బల్ల మీదే. చివరికి పోయేది కూడా ఇక్కడేనా ఏమిటి, ఆ కాగితాలవాళ్ళ పుణ్యమా అని?"

"అర్జీ రాస్తున్నా పిన్నీ."

"రాయి, రాయి. నువ్వు రాయడం వల్ల ఇప్పటిదాకా బానే జరిగిందిగా."

ఆమె బఠానీల మీద నీళ్ళు పోసింది.

"శుక్రవారం అంతా నానతాయి. శనివారం పెద్ద గిన్నె పొయ్యి మీద పెడుతున్నా. రొట్టెల దుకాణంలో చెప్పేశా, ఊరంతా తెలిసిపోతుంది. ఎవర్నీ పిలవను. వచ్చేవాడొస్తాడు, రానివాడి సూపు కుక్క తాగుతుంది."

కావున తమరు దయచేసి:

(అ) ఆ పద్నాలుగు మంది నా పనివాళ్ళు కారని, ఊరివాళ్ళని గుర్తించి, వారి పేర్లు రికార్డు నుంచి తొలగించవలెను. తప్పు ఉంటే రాసిన నా ఒక్కడి మీదనే ఉంచవలెను.

(ఆ) మంచు కంటే ముందు నిర్ణయం తెలపవలెను. అనుకూలమైనా ప్రతికూలమైనా సరే. ప్రతికూలమైతే కారణం ఒక మనిషి చేతిరాతతో ఉంటే సంతోషిస్తాను.

(ఇ) పత్రంలో "అవును", "లేదు" అనే రెండు గడుల పక్కన మూడో గడి ఒకటి పెట్టే వీలుందేమో చూడవలెను. దాని పేరు ఏమని ఉండాలో నాకు తోచలేదు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి చిత్తగించినా చాలు.

ఇన్నేళ్ళుగా అడిగినదానికి అడిగినట్టు జవాబిచ్చిన

తమ విధేయుడు,
ఆర్వి సోర్మునెన్

తా.క. పోస్టు బండి శనివారం మధ్యాహ్నం గాని రాదు కనుక కవరు ఇంకా అంటించలేదు. తమ మూడో ఉత్తరంలో పుస్తకం నకలు "నేటి తేదీ వరకు" కావాలని ఉన్నది. ఆ ప్రకారం చివరి పేజీ కూడా ఉన్నది ఉన్నట్టు జతపరుస్తున్నాను:

"14 అక్టోబరు, శనివారం. ఉదయం ఆరింటికి మైనస్ నాలుగు. గాలి లేదు. సాయంత్రానికి మంచు అని రేడియో. కాఫీ తాగి బ్లేడు పదును చూశాను, బాగుంది. ఏడింటికి వాకిట్లో ట్రాక్టరు ఆగింది. కలెర్వో దిగకుండానే, 'ఏరా, నిచ్చెన నువ్వు తెస్తావా, నేను మొయ్యాలా?' అని అరిచాడు. వెనక తొట్టిలోంచి దిగినవాళ్ళు ఎందరో, ఎవరెవరో ఈసారి రాయడం లేదు."