బ్రిక్‌ఫీల్డ్స్ ఇంటికీ, దాసు క్యారియరుకీ కాంతయ్య చేసిన ఏర్పాటు

శార్వరి నామ సంవత్సరం శ్రావణ మాసం, అనగా 1960 ఆగస్టు 2వ తేదీ మంగళవారం నాడు, కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో కాపురమున్న బొడ్డేపల్లి కాంతయ్య అనే నేను రాసుకున్న వీలునామా ఇది. తండ్రి పేరు అప్పలస్వామి. వయస్సు యాభై తొమ్మిది. వృత్తి మొదట బంటింగ్ దగ్గర రబ్బరు తోటలో గుమాస్తా (ఇక్కడి మాటలో కెరానీ), తరువాత విశ్వవిద్యాలయ విద్యార్థుల హాస్టల్లో భోజనశాల పర్యవేక్షకుడు, ప్రస్తుతం ఖాళీ. ఎవరి బలవంతమూ, ఎవరి ప్రోద్బలమూ లేదు. నా బుద్ధి స్థిరంగా ఉందని ఆసుపత్రిలో కట్లు కట్టే పక్కింటి డ్రెస్సర్ సుప్పయ్య నాడి పట్టుకుని చెప్పాడు. గుండె గురించి మాత్రం అంత ధీమాగా చెప్పలేదు. అందుకే ఆగలేదు. మంగళవారం ఏ పనీ మొదలుపెట్టకూడదని నా కూతురు రత్నావతి అంటుంది. ముగించే పనికి వారం వర్జ్యం లేదని నా వాదన.

అడవిలోని కమ్యూనిస్టుల మీద పన్నెండేళ్ళుగా సాగిన ఎమర్జెన్సీ ముగిసిందని నిన్న ఊరంతా ఊరేగింపు చేసుకుంది. నేను వెళ్ళలేదు. కాళ్ళ వాపు.

ఇంతకు పూర్వం నేను రాసిన కాగితాలేవైనా బయటపడితే అవి చెల్లవు.

1. ఈ వీలునామాను అమలు జరపవలసినవారు ఇద్దరు. ఒకరు ఇపోలో టీచరుగా ఉన్న నా ఏకైక కుమార్తె రత్నావతి. రెండవవారు నా ఇంట్లో అద్దెకుంటూ చదువుకుంటున్న లిమ్ కిమ్ సెంగ్. చైనా కుర్రాడి చేతిలో తెలుగువాడి ఆస్తి పెట్టడమేమిటని అడిగేవారికి జవాబు మూడవ అంశంలో ఉంది. అప్పటికీ తృప్తి లేకపోతే ఇంకొకసారి చదువుకోవలెను.

2. నా స్వార్జితమైన చెక్క ఇల్లు, దొడ్డి, వంటిల్లు, అందులోని మంచాలు, బల్లలు, రెండు సైకిళ్ళు సమస్తం పై ఇద్దరి పేర దఖలు పరుస్తున్నాను. వారు దీనిని అమ్మరాదు, తనఖా పెట్టరాదు. దూరపు తోటల నుంచి, కంపుంగులనే మలాయ్ పల్లెల నుంచి, కొత్త గ్రామాల నుంచి విశ్వవిద్యాలయానికి వచ్చే విద్యార్థులకు బసగా నడపవలెను. కులం, మతం, భాష అడగరాదు. రత్నావతికి అన్యాయం జరిగిందని ఎవరూ కన్నీరు కార్చనక్కరలేదు. కిందటి దీపావళికి వచ్చినప్పుడు ఆమే అన్నది: "నాకు ఇపోలో నీడుంది నాన్నా. ఈ ఇల్లు ఆలకే ఉంచీ." వాళ్ళమ్మ జయమణి పోలిక. రత్నావతికి చెందేవి వాళ్ళమ్మ ఇత్తడి గరిటె, కళ్ళకద్దుకుని వాడిన పూజ గంట, నా ప్రేమ. గరిటె ఒకవైపు అరిగి ఉంటుంది. జయమణిది ఎడమచేతి వాటం.

3. ఇంటి గేటుకు పూర్వం ఉన్న ఇత్తడి తాళమూ, దాని చెవీ మా తమ్ముడి కొడుకు జయరామ్‌కు చెందవలెను. ఇల్లు అతనికి రాదు. తాళం వస్తుంది. పోయిన ఏడాది నన్ను అడగకుండానే ఇంటికి బేరగాడిని వెంటబెట్టుకొచ్చాడు. బల్ల దగ్గర మలాయ్ కుర్రాడు జైనాల్, చైనా కుర్రాడు లిమ్, మన తోట పిల్లలు కలిసి తింటూ ఉంటే చూసి, "ఇల్లు సత్రం సేసేసినావేటి పెదనాన్నా?" అన్నాడు. సత్రంలో అయినా వచ్చినవాడిని కూర్చోమంటారు. అతను కూర్చోకుండానే వెళ్ళాడు.

తాళం తీసేసిన కారణం లిమ్. ఎమర్జెన్సీలో చైనావాళ్ళను తరలించి ముళ్ళకంచె వేసిన కొత్త గ్రామంలో పెరిగినవాడు. సాయంత్రం ఆరు దాటితే అక్కడ గేటు మూసేవారు. కౌలాలంపూర్ వచ్చినా ఆరు కొట్టేసరికి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి పడేవాడు. లైబ్రరీలో పుస్తకం తెరిచినది తెరిచినట్టే వదిలి వచ్చేవాడు. చెప్పి లాభం లేకపోయింది. చివరికి తాళం ఊడదీశాం. నెల రోజులు ఇంట్లో అందరం ఆరింటికి వీధి మెట్ల మీద కూర్చున్నాం. ఏమీ జరగలేదు. ఏమీ జరగదని తెలియడానికి అతనికి ఆ నెల పట్టింది. ఇప్పుడు లైబ్రరీవాళ్ళు వెళ్ళగొడితే గానీ రాడు. గేటు భయం తెలిసినవాడు మళ్ళీ గేటు మూయడు. అందుకే అతను అమలుదారు.

4. వంటమనిషి వేలు వెనక గదిలో బతికినంత కాలం ఉండవచ్చు. రెండు పొయ్యిలూ అతని అధీనం. జైనాల్ తల్లి పంపిన కుండలో పందిమాంసం, నా తరఫు కుండలో గొడ్డుమాంసం వండరాదు. ఈ రెండు కుండల ఒప్పందం మీద ఇంతవరకు ఎవరూ అలగలేదు. మిరపకాయల విషయంలో మాత్రం వేలు నా మాట ఎన్నడూ వినలేదు. క్షమించాను.

5. మన తెలుగు సంఘం కమిటీ పెద్దలు ఇచ్చిన పది కుర్చీలు వారికి తిరిగి పంపవలెను. మనవాళ్ళు మాత్రమే కూర్చోవాలని షరతు పెట్టారు. కుర్చీకి ఆ సంగతి తెలియదు. ఎవరు కూర్చున్నా మోసింది.

6. నా ఎర్ర సిరా బుడ్డీ, కలమూ ఎవరికీ ఇవ్వరాదు. పారబోయవలెను. ఎందుకో రాస్తున్నాను. చట్టానికి అక్కరలేదు గానీ నాకు అక్కర ఉంది.

ఎమర్జెన్సీ కాలంలో తోట గేటు దగ్గర రిజిస్టరు పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనే. అడవిలో ఉన్నవాళ్ళకు తిండి అందకూడదని వండిన అన్నం గేటు దాటకూడదని ఆర్డరు. దేవుడమ్మ అనే రబ్బరు గీత కూలి కొడుకు దాసు బంటింగ్‌లో ఇంగ్లీషు బడికి బస్సులో వెళ్ళేవాడు. మూడు గిన్నెల క్యారియరు చేతిలో ఉండేది. బడిపిల్లల అన్నం వదిలేయమని పోలీసు అధికారి నోటిమాటగా చెప్పాడు. కాగితం మీద లేదని నేను వదలలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారిని నేను. ఆమె ఒక్కసారే, ఈ దేశపు అలవాటుగా మాట చివర లా తగిలించి, అడిగింది: "బడికెల్లే పిల్లోడి కూడు బాబూ. ఈడు అడివిలోకి ఎల్తాడేటి లా?" నేను గిన్నెలు మట్టిలో బోర్లించి, ఖాళీ క్యారియరు పిల్లవాడి చేతికి ఇచ్చి, ఎర్ర సిరాతో టిక్కు పెట్టుకున్నాను. అలా మూడేళ్ళు. వాడు ప్రథమ శ్రేణిలో పాసయ్యాడు.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. తోట ఉద్యోగం వదిలి హాస్టల్ ఉద్యోగంలో చేరాను. ఆ విద్యాసంస్థ పేరు ఇక్కడ రాయను, తప్పు దానిది కాదు కనుక. మరుసటి ఏడు దాసు అక్కడికే విద్యార్థిగా వచ్చాడు. మన తోట పిల్లాడని నేను లోలోపల పొంగిపోయాను. పైకి చెప్పలేదు. పొగిడితే చెడిపోతారని మా కాలం నమ్మకం.

భోజనశాలలో చెంచాలూ ఫోర్కులూ. దాసు మొదటి రోజు చేత్తో కలుపుకు తిన్నాడు. బల్ల చివర ఎవరో నవ్వారు. ఎవరు నవ్వారో నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. మర్నాటి నుంచి అన్నం అదే క్యారియరులో పెట్టుకుని గదికి తీసుకుపోయేవాడు. భోజనం శాల దాటకూడదని గోడ మీద రూలు ఉంది. అది గదులకు చీమలు పట్టకుండా పెట్టిన రూలు. నాకు మాత్రం అది తోట గేటే. తలుపు దగ్గర నిలబెట్టి క్యారియరు తీసేసుకున్నాను. "ఇదీ రాతలో ఉందేటి, కెరానీ బాబూ?" అన్నాడు. ఉందన్నాను.

తరువాత వరసగా పద్దెనిమిది పూటలు దాసు పేరు ఎదుట ఎర్ర సిరాతో గైర్హాజరు వేశాను. గదిలో స్నేహితులు ఉపవాసమనుకున్నారు. ఇంటికి వెళ్ళి ఉంటాడని వార్డెను అనుకున్నాడు. నేను పొగరనుకున్నాను. తలా ఒకటి అనుకున్నాం, ఒక్కరం అడగలేదు. పరీక్ష రోజు మెట్ల మీద పడిపోయాడు. ఆకలి, దానితోపాటు ఏ ఔషధానికీ తగ్గని దిగులు కూడా ఉందని డాక్టరు చెప్పాడు. ఆ వారమే చదువు వదిలి వెళ్ళిపోయాడు. క్యారియరు నా అలమరలో ఉండిపోయింది. మరుసటి నెల నేనూ ఉద్యోగం వదిలి, ఈ ఇంటి తలుపులు తీశాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ సామెత ఈ ఇంట్లో చెల్లదు.

7. కాబట్టి ఇంటి పద్ధతులు ఇవి. అమలుదారులు ఇంటిని ఎలాగైనా బాగు చేసుకోవచ్చు, వీటిని మార్చరాదు.

ప్రతి విద్యార్థికి పేరు రాసిన ఎనామిల్ కంచం ఉంటుంది. తినని కంచం బల్ల మీద బోర్లించి ఉంటుంది. రెండు పూటలు బోర్లా ఉంటే ఎవరో ఒకరు అన్నం పట్టుకుని గది తలుపు తట్టాలి. కారణం అడగనక్కరలేదు. కూర్చోవాలి. అవతలివాడు ఏడిస్తే ఏడ్వనివ్వాలి. విశ్వవిద్యాలయం ఆఫీసుకు కబురు ఆ తరువాత, డాక్టరు కావలసివస్తే సుప్పయ్య గోడ అవతలే ఉన్నాడు.

చెయ్యి, చెంచా, చైనావాళ్ళ పుల్లలు, దేనితోనైనా తినవచ్చు. అన్నం ఏ గదికైనా, ఏ చెట్టుకిందికైనా వెళ్ళవచ్చు. చీమల సంగతి వేలు చూసుకుంటాడు.

పరీక్ష తప్పినవాడి మంచం ఆరు నెలలు ఎవరికీ ఇవ్వరాదు. కొత్తవాడిని మొదటి భోజనం దగ్గర తండ్రి ఏం చేస్తాడని అడగరాదు.

తిన్నాను అనే మాట ఈ ఇంట్లో నమ్మరాదు. కంచం చూడవలెను. ఇది నేను నేర్చుకున్నది హుటాన్ మెలింటాంగ్ అనే నదీతీరపు ఊళ్ళో. దాసు ఇప్పుడు అక్కడ పడవలు బాగుచేసే పనిలో ఉన్నాడు. నాలుగు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. చివరికి బస్సెక్కి వెళ్ళాను. పడవ మీద నుంచి నన్ను చూసి, సుత్తి ఆపకుండానే, "కూడు తిన్నారేటి?" అని అడిగాడు. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. తిన్నానని చెప్పాను. ఆ పద్దెనిమిది పూటలూ ఎవరైనా అడిగి ఉన్నా దాసు ఏం చెప్పి ఉండేవాడో అప్పుడు అర్థమైంది. అక్కడి నుంచే తిరుగు బస్సెక్కాను. నా జీవితంలో సిగ్గుతో ప్రయాణం చేసింది అదొక్కసారే.

8. వీధివైపు కిటికీ గది దాసుది. అతను వచ్చేవరకు ఎవరైనా ఉండవచ్చు, వచ్చిన రోజున ఖాళీ చేయవలెను. ఇప్పుడందులో ఉన్న లిమ్ ఇందుకు సమ్మతించాడు. వచ్చే ఏడు దాసును తిరిగి చేర్చుకుంటామని విశ్వవిద్యాలయంవారు సంతకం చేసిన ఉత్తరం నా పెట్టెలో ఉంది. నోటిమాట చాలన్నారు. ఈసారి నేనే కాగితం మీద రాయించుకున్నాను. గడువు ఈ సంవత్సరం ఆఖరు. అది దాటితే ఆ ఉత్తరం చెల్లదు.

9. దాసు మూడు గిన్నెల క్యారియరును నా మరణానంతరం లిమ్ కిమ్ సెంగ్ హుటాన్ మెలింటాంగ్ తీసుకువెళ్ళి, పై ఉత్తరంతో సహా దాసుకు అప్పగించవలెను.

ఇంతవరకు రాసి, సాక్షిగా పిలిపించిన దేవుడమ్మకు మొత్తం చదివి వినిపించాను. ఆమె బంటింగ్ నుంచి పొద్దుటి బస్సులో వచ్చింది. ఆరవ అంశం కూడా ఒక్క మాట వదలకుండా చదివాను. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. ఆమె కూడా క్షమించానని అనలేదు. క్యారియరు చేతిలోకి తీసుకుని, గిన్నెలు ఒక్కొక్కటే విప్పి చూసి, మళ్ళీ బిగించి, నా ముందు పెట్టింది.

"నువ్వు సచ్చినాక ఎవుడో అట్టుకెల్లడమేటి బాబూ? ఒకరి గిన్ని కాళీగా తిరిగిస్తారేటి? కూడెట్టి, నువ్వే అట్టుకెల్లు లా."

కనుక 9వ అంశంలో క్యారియరు గురించి, ఉత్తరం గురించి రాసినది ఇందుమూలంగా రద్దు చేయడమైనది. మిగిలిన అంశాలన్నీ యథాతథం.

వేలు రేపటి క్యారియరుకు బియ్యం ఏరుతున్నాడు. కారం తగ్గించమని చెప్పాను. తెలుక్ ఆన్సన్ మీదుగా హుటాన్ మెలింటాంగ్ వెళ్ళే పొద్దుటి బస్సుకు క్యారియరూ, ఉత్తరమూ పట్టుకుని నేను బయలుదేరతాను. సుప్పయ్య వద్దంటున్నాడు, అది అతని ఉద్యోగం. దాసు వస్తాడో రాడో అతని ఇష్టం. తిన్నారా అని ఈసారి అడిగితే మాత్రం తినలేదని చెబుతాను.

1960 ఆగస్టు 2, బ్రిక్‌ఫీల్డ్స్, కౌలాలంపూర్.

(సంతకం) బొడ్డేపల్లి కాంతయ్య

నల్ల సిరాతో, ఇరువురు సాక్షులు చూస్తుండగా సంతకం చేయడమైనది.

సాక్షులు:

1. సుప్పయ్య, డ్రెస్సర్, పక్కిల్లు. (సంతకం)

2. దేవుడమ్మ, రబ్బరు గీత కూలి, బంటింగ్. దాసు తల్లి. (ఎడమ బొటనవేలి ముద్ర)