టుండుక్ మీరే ఎత్తాలి

ఐజాన్ నాన్నా, గొర్రెల లారీ వచ్చేసింది. నేనూ పిల్లా మీ తమ్ముడు కుబాన్‌తో కొండమీది మేతకి పోతున్నాం. రొట్టె గుడ్డలో చుట్టి పెట్టాను.

పొద్దున్నే డాక్టరమ్మ ఇచ్చిన ఆ జెల్ భుజాలకి రాసుకుని, ఆరాకే చొక్కా వేసుకోండి. గురువారం రక్తపరీక్ష ఎగ్గొట్టకండి. టెస్టోస్టిరాన్ తగ్గి కండలు సడలాయని డాక్టరమ్మ అంత వివరంగా చెప్పాక కూడా పక్కింటి ముసలాయన ఇచ్చిన ఎలుగుబంటి కొవ్వు తాగుతారా? దాన్ని కుక్కకి పెట్టేశాను. దానికీ ఏం బలం రాలేదు, పడుకునే ఉంది.

పోయినేడు గుడారం వేసేటప్పుడు దాని నడినెత్తిన ఇంటాయనే ఎత్తిపెట్టే టుండుక్ చక్రం మీ చేతుల్లోంచి జారితే, నేను గోడ వంకరగా నిలబెట్టానని అందరి ముందూ కసిరారు. గోడ తిన్నగానే ఉంది. మీకూ తెలుసు.

ఈసారి టుండుక్ తనెత్తుతానని కుబాన్ భుజాలు చరుచుకుంటున్నాడు. "మీ అన్న రాకుండా దాని మీద చెయ్యి వేశావో, నీకు టీ కూడా పొయ్యను" అన్నాను. మీరొచ్చేదాకా మీ అక్క గుడారంలో సర్దుకుంటాం. ఆదివారానికి వచ్చెయ్యండి.

అన్నట్టు, చలికాలమంతా మీకు తెలీకుండా జామ్ సీసాల మూతలు ముందే వదులు చేసి పెట్టేదాన్ని. నిన్న మీరు బిగించిన చెర్రీ జామ్ సీసా మూత ఇవాళ నాకు రాలేదు. కుబాన్‌కీ రాలేదు! సీసా బల్ల మీదుంది. మూత తియ్యకుండా పట్టుకురండి, వాడి ముందే తీద్దురుగాని.