పెన్సిలు సంతకం

కార్తీక సోమవారం, 1947

సాయంత్రం దీపం పెట్టి లేచేసరికి తమ్ముడు సూర్యం నా కేటలాగు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు. మద్రాసులో తన బొమ్మల ప్రదర్శనలో చిత్రకారుడు స్వయంగా సంతకం చేసి ఇచ్చినది, నా దగ్గరున్న ఆయన కేటలాగులు అయిదింటిలో మొదటిది. చెక్క మీద చెక్కి అచ్చొత్తే బొమ్మల కింద ఆయన పెన్సిలుతోనే సంతకం పెడతారు. కేటలాగు మీదా అలాగే పెట్టారు. ఆ సంతకాన్ని మా వాడు సిరాతో దిద్దేశాడు.

“పెన్సిలు సంతకం చెల్లదప్పా. మా రిజిస్ట్రారాఫీసులో అయితే కాయితం మొహాన కొడతారు. నీ మంచికే సేసేను.”

“మీ ఆఫీసులో ఒకరి సంతకం ఇంకొకరు దిద్దితే ఏటంటార్రా?”

వాడి నవ్వు ఆగిపోయింది. “దాన్ని లోపల పెట్టేయప్పా. ఆయన సూత్తే నిన్నే అనుమానిత్తారు” అన్నాడు.

ఆ భయం నాకూ కలిగింది. వచ్చే నెల విశాఖపట్నంలో ఆయన ప్రదర్శన. అయిదూ తెచ్చి చూపిస్తానని ఉత్తరం రాసేశాను. దొంగ సంతకం అనుకుంటే ఆయన ఎదుట ఎలా నిలబడను? స్వామిని తలుచుకుని కాసేపు కూర్చున్నాను. దాచడానికి మాత్రం మనసొప్పలేదు.

పెన్సిలు వాడి చేతికిచ్చి, “పై సిరా నాది అని రాసి, కింద సంతకం పెట్టు” అన్నాను. ఇరవై ఏళ్లుగా ఊరందరి చేతా సిరాతో సంతకాలు పెట్టించిన మనిషి, ఆ పెన్సిలు వంకా నా వంకా చూశాడు. చివరికి రాసి, సంతకం పెట్టాడు.

విశాఖపట్నంలో ముందు దాన్నే తీసి చూపిస్తాను. ఆయన ఏమన్నా అననీ.